ఎవరి బార?

కమలాదేవికి కోపం ఎక్కువని విజయనగరంలో ఆ బీఈడీ కాలేజీలో చదివిన ప్రతివాళ్లూ చెబుతారు. చెప్పేవాళ్లలో చాలామంది రెండేళ్లలో నాలుగుసార్లు కూడా ఆ కాలేజీ గడప తొక్కినవాళ్లు కారు. మరి ఆవిడ కోపం వాళ్లకెలా తెలుసంటే, వచ్చిన ఆ ఒకటి రెండుసార్లూ ఆవిడ కంటబడ్డారు.

ఆవిడ అక్కడ గణిత బోధన చెప్పే లెక్చరరు. రేపు హైస్కూళ్లలో లెక్కలూ సైన్సూ చెప్పబోయేవాళ్లను తయారుచేయడం ఆవిడ పని. రెండువేల పదిహేనులో ఆ కోర్సును ఏడాది నుంచి రెండేళ్లకు పెంచారు. చదువు రెట్టింపవుతుందని పెంచినవాళ్లు అనుకుని ఉంటారు, పాపం. ఆ కాలేజీలో రెట్టింపయింది రాకపోవడం ఒక్కటే. రిజిస్టర్లో వందమంది పేర్లుంటే బెంచీల మీద ముప్పై మంది ఉండేవారు. మిగతా డెబ్బై మందికీ హాజరు మాత్రం తొంభై శాతం. పాఠాల రికార్డులు రాసి అమ్మే కొట్టు కాలేజీ ఎదురుగానే ఉంది, జిరాక్సు మిషను పక్కన. అట్ట మీద మన పేరు రాయించుకుంటే చాలు. అడిగితే అందరూ నియమాలు పాటించేవాళ్లే. అంతా శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

కమలాదేవి పుట్టింది వర్తకుల ఇంట్లో. గంటస్తంభం దగ్గర వాళ్ల నాన్నకు కిరాణా కొట్టుండేది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ బియ్యం బస్తా మీద పడేసి కాటా పక్కన కూర్చునేది. ఆయన రోజూ పొద్దున్నే రెండు పళ్లేల్లో ఉన్నవి అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూసేవాడు. "సూడమ్మా, ఈ పక్కన కిలో ఉన్నది ఆ పక్కకెళ్లినా కిలోయే ఉండాల. నేదంటే కాటా అబద్ధమాడతన్నాదన్నమాట" అనేవాడు. పళ్లేలు వేలాడే కాడ ఒక పక్క వెంట్రుకవాసి పొడుగున్నా తూకం తప్పుతుందని ఆ పిల్లకు ఎనిమిదేళ్లకే తెలుసు. తర్వాత హైస్కూల్లో అదే సంగతిని లెక్కల మాస్టారు నిష్పత్తి అని చెప్పారు, సైన్సు మాస్టారు తులాదండం అని చెప్పారు. ఇద్దరూ స్టాఫ్‌రూములో పక్కపక్క కుర్చీల్లోనే కూర్చునేవారు, ఒకరు చెప్పేది ఇంకొకరికి పట్టదు. రెండూ ఒకటే కదండీ అని అడిగినందుకు లెక్కల మాస్టారు ఆ పిల్లను పీరియడంతా నిలబెట్టారు. నలభై ఆరేళ్లు వచ్చినా కమలాదేవికి ఆ మంట చల్లారలేదు.

అందుకే కాలేజీలో శనివారం మధ్యాహ్నం లెక్కల వాళ్లనూ సైన్సు వాళ్లనూ ఒకే గదిలో కూర్చోబెట్టేది. ఎవరూ అడ్డం చెప్పలేదు, ఎందుకంటే సైన్సు బోధన చెప్పాల్సిన ఆసామీ జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా కనబడేవాడు కాదు. ఒక శనివారం కాటా తెచ్చి, దీన్ని ఏ పీరియడ్లో చెబుతారో తేల్చుకోండి అనేది. ఇంకో శనివారం సైకిలు తెచ్చేది. మీ పక్కింటి వస్తువొకటి తెండి, అందులో లెక్కెంత ఉందో, సైన్సెంత ఉందో చూపించండి, రెండింటికీ మధ్య గీత ఎక్కడ గీస్తారో కూడా మీరే చూపించండి అనేది. గీత ఎవరూ గీయలేకపోయేవారు. ప్రిన్సిపాలు గోవిందరావు మాత్రం వరండాలో ఎదురైనప్పుడల్లా, "సాంబారూ పెరుగూ కలిపి వడ్డిస్తున్నారంట కదమ్మా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కేది.

తులసి ఆ ముప్పై మందిలో ఒకతె. పూసపాటిరేగ అవతల సముద్రపొడ్డున వాళ్ల పల్లె. తండ్రి నూకయ్య వేటకు వెళతాడు. తల్లి మరిడమ్మ విజయనగరం బజారులో చేపలమ్ముతుంది. ఆ పల్లెలో డిగ్రీలో లెక్కలూ ఫిజిక్సూ చదివిన మొదటి ఆడపిల్ల తులసి. పొద్దున్నే తల్లితో పాటు ఆటోలో వచ్చేది, తట్ట పక్కన రికార్డు పుస్తకం పెట్టుకుని. ఆ పుస్తకం ఎదురు కొట్టులో కొన్నది కాదు. అందులో ప్రతి అక్షరం ఆ పిల్ల చేతి రాతే.

మొదటి ఏడాది ఆ పుస్తకం మీదే గొడవ వచ్చింది. సముద్రం లోతు ఎలా కొలుస్తారో తులసి ఒక పాఠం రాసింది. తాడుకు సీసం గుండు కట్టి వదులుతారు. అడుగు తగిలాక, రెండు చేతులూ చాపి తాడును బారలు బారలుగా లెక్కపెడుతూ పైకి లాగుతారు. పదిహేను బారలు వచ్చిందనుకుంటే లోతు ఇరవైనాలుగు మీటర్లు అని తులసి లెక్క తేల్చింది. కమలాదేవి ఎర్రసిరాతో కొట్టేసింది. ఒక బార ఆరడుగులు, పదిహేను బారలు తొంభై అడుగులు, అంటే ఇరవైయేడు మీటర్లు పైచిలుకు. హైస్కూలు పిల్లలకు చెప్పబోయేదానివి, గుణకారం రాదా అని అందరి ముందూ దులిపేసింది.

తులసి తల దించుకునే అడిగింది. "ఎవరి బార మేడమ్?"

"ఎవరి బారేటే? కిలో నాదీ నీదీ అని ఉంటాదా? బార అంటే బారే" అంది కమలాదేవి. కొలతంటే ఆవిడకు దేవుడితో సమానం. ఏటేటా తూనికల ఇన్‌స్పెక్టరు ముద్ర వేస్తే తప్ప తూకం గుండు ముట్టుకోని ఇల్లు వాళ్లది. తన కొలతతో తాను కొలుచుకునేవాడంటే ఆవిడ దృష్టిలో దొంగ వర్తకుడే.

పై శనివారానికి తులసి తండ్రిని వెంటబెట్టుకొచ్చింది. నూకయ్య వాకిట్లో చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎంత రమ్మన్నా బెంచీ మీద కూర్చోలేదు.

"మా పడవలో తాడు లాగీది నానే మేడమ్. నా సేతులెంతుంటే బార అంత" అన్నాడు.

"మరి వేరేవాళ్లు లాగితే?"

"మా బావ నాకన్నా పొడుగోడు. ఆడు లాగితే అక్కడే పద్నాలుగు బారలొస్తాది. అంతమాత్రాన సముద్రం తగ్గిపోద్దేటి?"

గదంతా నవ్వింది. తులసి తండ్రి చేతులు చాపించి టేపు పెట్టింది. అయిదడుగుల నాలుగంగుళాలు. పదిహేను సార్లు వేస్తే ఎనభై అడుగులు, ఇరవైనాలుగు మీటర్లు. ఆ పిల్ల లెక్కే ఒప్పు.

కమలాదేవికి తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. కాటా కాడ పొడుగు చూడకుండా తూకం నమ్మడం తప్పని తెలిసిన మనిషి, చేతుల పొడుగు అడగకుండా పిల్లను తిట్టింది. పుస్తకం తెప్పించుకుని, తన ఎర్రగీత మీద ఇంకో గీత కొట్టి, పక్కన 'తప్పు నాది' అని రాసి సంతకం పెట్టింది. లెక్చరరు రికార్డులో అలా రాయడం ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు.

అక్కణ్నుంచి ఏడాదిపాటు ఆ ఒక్క ప్రశ్న చుట్టూ ఇద్దరూ కలిసి పాఠం కట్టారు. చివర్లో ప్రతివాళ్లూ బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు బడిపిల్లలకు రెండు పాఠాలు చెప్పాలి, లెక్కల్లో ఒకటి, సైన్సులో ఒకటి. తులసి రెండు పీరియడ్లూ వరసగా తీసుకుని, బార మీద ఒకే పాఠం చెబుతుందని నిర్ణయించారు. ముందు సగం లెక్కలు, తర్వాత సగం సైన్సు. ఆలోచన కమలాదేవిదే. తులసి ఒకసారి భయపడింది కూడా. "రెండు పాఠాలు రెండు కాయితాల మీద రాసీమంటారేమో మేడమ్" అంది. "నేనున్నాను కదే" అంది కమలాదేవి. ఆ మాట ఆవిడను తర్వాత చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

రెండువేల పద్దెనిమిది వేసవికి ముందు ఆ పరీక్ష జరిగింది. ఊరి చివర ప్రభుత్వ హైస్కూలు, ఎనిమిదో తరగతి. తులసి లోపలికొచ్చి, "అందరూ లేసి సేతులు బారజాపండి" అంది. నలభై మంది పిల్లలు ఒక్కసారి చేతులు చాపేసరికి ఒకళ్ల చెయ్యి ఇంకొకళ్ల మొహానికి తగిలి గలాటా అయింది. జంటలు జంటలుగా టేపులతో కొలుచుకున్నారు, మొదట బార, తర్వాత పొడుగు. ఒక్కొక్కళ్లూ వచ్చి బోర్డు మీద గళ్లలో చుక్క పెట్టారు. నలభై చుక్కలూ పెట్టాక అవి ఇంచుమించు ఒకే గీత మీద నిలబడ్డాయి. ఎవరి పొడుగెంతో వాళ్ల బార సుమారుగా అంతేనని పిల్లలే అరిచి చెప్పారు. రెండో గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. తులసి మేకుతో మూడుచోట్ల చిల్లులు పొడిచిన నీళ్ల సీసా బయటికి తీసింది. అడుగు చిల్లులోంచి నీళ్లు అన్నిటికన్నా దూరంగా దూకాయి. లోతుకెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుందని చూపించి, "పది బారల లోతున ఈదే సేప మీద ఎంత ఒత్తిడున్నాదో లెక్క కట్టండి" అంది.

రెండో బెంచీలో రెండు జడల పిల్ల చెయ్యెత్తింది. "ఎవరి బార టీచర్?"

కమలాదేవి వెనక కుర్చీలో ముందుకు వంగింది. పదకొండేళ్లుగా ఆ కాలేజీలో వేగుతున్నది ఆ ఒక్క ప్రశ్న ఒక పిల్ల నోట వినడానికేనని ఆవిడకు అనిపించింది. పక్కనున్న పరీక్షకుడు అప్పుడే ఫోను జేబులో పెట్టుకుని, లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, బార అంటే ఎంత?" అని తులసిని అడిగాడు.

"ఎవరిది సార్?"

"ఎవరిదేంటి? ఆరడుగులు. అదీ తెలీకుండా పాఠానికొచ్చేశావా?"

సాయంత్రం ప్రిన్సిపాలు గదిలో మార్కుల షీటు కమలాదేవి చేతికొచ్చింది. పరీక్షకుడి పక్కన ఆవిడ కూడా సంతకం పెట్టాలి. తులసి పేరు ఎదురుగా గణితం యాభైకి ముప్పై ఒకటి. భౌతికశాస్త్రం గడిలో 'గైరుహాజరు'.

"ఇదేంటండీ? పాఠం చెప్పిన పిల్ల గైరుహాజరు ఎలా అయింది?"

"ఒక్క పాఠ ప్రణాళికే ఇచ్చిందమ్మా" అన్నాడు పరీక్షకుడు. "ఒక ప్రణాళికంటే ఒక పాఠం. రెండో దానికి కాగితం లేదు. కాగితం లేదంటే పాఠం లేదు. పాఠం లేదంటే మనిషి రానట్టే కదా."

"మీ కళ్లముందు గంటన్నర నిలబడింది."

"నా కళ్లకి గడుల్లేవమ్మా. ఫారానికి ఉన్నాయి."

కమలాదేవి షీటంతా చూసింది. ఏనాడూ మొహం చూపించని డెబ్బై మందికీ నలభై అయిదుకు తక్కువ లేదు. పరీక్షనాడు వచ్చి, కొన్న రికార్డు చూసి చదివి, కొన్న చార్టు గోడకు తగిలించి వెళ్లినవాళ్లు. రోజూ వచ్చిన పిల్ల రానట్టు, రానివాళ్లు వచ్చినట్టు. రికార్డుల కొట్టువాడు కూడా ఇంత నున్నగా అబద్ధం రాయలేడు.

"పైగా ఆ భాషేంటండీ, సేతులు, సేపలు" అన్నాడు పరీక్షకుడు. "అలా మాట్లాడే టీచరు పిల్లలకేం నేర్పుతుంది? విషయ పరిజ్ఞానం చూస్తే బార అంటే ఆరడుగులని కూడా తెలీదు."

"లేచి నిలబడి చేతులు చాపండి. టేపు తెప్పిస్తాను. మీ బార ఆరడుగులుంటే నా ఉద్యోగం వదిలేస్తాను" అంది కమలాదేవి. ఆయన అయిదున్నర అడుగుల మనిషి. నవ్వి ఊరుకున్నాడు, లేవలేదు.

గోవిందరావు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మీరు సంతకం పెట్టకపోతే షీటు కదలదు. వందమందీ ఆగిపోతారు."

"ఆ డెబ్బై మందీ ఆగిపోతే బడులు బాగుపడతాయి."

"ఆగేది తులసి కూడానమ్మా. సార్ రేపు మధ్యాహ్నం దాకా ఉంటారు. పొద్దున్న ఆ పిల్ల చేత సైన్సులో మామూలు పాఠం ఒకటి చెప్పించండి, గైరుహాజరు తీసేస్తారు. మామూలు పాఠం, అర్థమైంది కదా."

కమలాదేవి బయటికొచ్చింది. తులసి మెట్ల మీద కూర్చునుంది. కాళ్ల దగ్గర చిల్లుల సీసా ఖాళీగా పడుంది.

"పోనీండి మేడమ్. వచ్చే ఏడు మళ్లీ రాసుకుంటాను" అంది.

వచ్చే ఏడు. టీచర్ల పోస్టులకు నోటిఫికేషను నాలుగేళ్ల కిందట పడింది, మళ్లీ ఈ ఏడే పడుతుందంటున్నారు. బీఈడీ పూర్తికాకపోతే అప్లికేషనే పెట్టుకోనివ్వరు. తర్వాతది ఎప్పుడో దేవుడికే తెలియాలి. మరిడమ్మ అప్పటికే బజారంతా మా తులసి టీచరైపోనాది అని చెప్పుకుంటోంది. తన పట్టుదల కోసం ఆ పిల్ల మళ్లీ ఒడ్డున చేపలు ఎండబెట్టుకోవాలా? ఉడుకుమోతుతనంతో సంతకం మానేస్తే మునిగేది తానా? కమలాదేవి పళ్లు కొరుక్కుంది.

"వచ్చే ఏడూ లేదు, ఏమీ లేదు. రేపు తొమ్మిదింటికి ఘర్షణ పాఠం చెబుతున్నావు. పద మా ఇంటికి" అంది.

దారిలో రికార్డుల కొట్టు ముందు ఆగింది. పదకొండేళ్లలో ఎన్నడూ ఎక్కని మెట్టు. కొట్టువాడు లేచి నిలబడి, "మీరా మేడమ్" అన్నాడు. ఘర్షణ చార్టూ, రాసి ఉన్న ప్రణాళికా అడిగి తీసుకుంది. వాడు అలవాటు ప్రకారం అట్ట మీద ఏ పేరు రాయమంటారని అడిగాడు. ఆవిడ చెప్పింది.

మేడ మీద గదిలో చీకటి పడేదాకా చెప్పించింది. ప్రేరణ ప్రశ్నలు మూడు, శీర్షిక బోర్డు మీద రాయడం, చార్టు చూపించడం, పునశ్చరణ, ఇంటిపని.

"సూడండి పిల్లలూ" అని మొదలెట్టింది తులసి.

"చూడండి."

"సూ..."

"చూ. చూడండి. మళ్లీ అను."

పదిసార్లు అన్నాక వచ్చింది. చేతులు, చెప్పండి, చేయండి, ఒక్కొక్కటీ సరిచేసింది. అలా సరిచేస్తుంటే తన గొంతు తనకే ఆ పరీక్షకుడి గొంతులా వినిపించింది. అయినా ఆపలేదు.

"మధ్యలో ఎవరైనా పిల్లలు ఏదైనా అడిగితే ఏటి సెయ్యాల మేడమ్?" అంది తులసి.

కమలాదేవి చార్టు చుట్టడం మొదలెట్టింది. "అడగనివ్వకు. చెయ్యెత్తినవాళ్ల వైపు చూడకు. జవాబు తెలిసినవాళ్లనే లేపు" అంది.

మర్నాడు తొమ్మిదింటికి తులసి అదే తరగతిలో నిలబడింది. ఘర్షణ పాఠం వినడం ఆ వారంలో ఆ పిల్లలకు ఏడోసారి. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేశారు. చార్టులో బాణం గుర్తు ఎటుందో కళ్లు మూసుకుని చూపించేలా ఉన్నారు. రెండో బెంచీలో రెండు జడల పిల్ల మొదటి నుంచీ చెయ్యెత్తే ఉంచింది. తులసి ఆ బెంచీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కాసేపటికి ఆ పిల్ల రెండో చేత్తో మోచెయ్యి ఆన్చుకుంది. ఆ తర్వాత దించేసింది. కమలాదేవి వెనక కుర్చీలో కూర్చుని ఆ చెయ్యి దిగడం చూసింది. పరుగెత్తి ఆ పిల్ల దగ్గరకెళ్లి ఏటమ్మా అని అడగాలనిపించింది. అడగలేదు.

"ఇదమ్మా పాఠమంటే" అన్నాడు పరీక్షకుడు. "పిల్లల భాగస్వామ్యం చూశారా? ఒక్క రాత్రిలో ఎంత మార్పు. మీ శిక్షణ మెచ్చుకోవాలి." గైరుహాజరు కొట్టేసి నలభై ఏడు వేసి, షీటు ఆవిడ ముందుకు జరిపాడు. కమలాదేవి సంతకం పెట్టింది. ఆయన మీద, గోవిందరావు మీద, ఆ గడులు గీసిన మహానుభావుల మీద ఆవిడ దగ్గర తిట్లు బోలెడున్నాయి. కానీ ఆ పాఠం నేర్పింది వాళ్లెవరూ కాదు.

వరండాలో తులసి చార్టు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తోంది. మొహంలో ఏడుపు లేదు, సంతోషమూ లేదు.

"నలభై ఏడొచ్చాయే" అంది కమలాదేవి.

తులసి తలెత్తింది. 'చ' దగ్గర నాలుక ఎక్కడా తడబడలేదు.

"చెప్పాను కదండీ మేడమ్. మీరు నేర్పినట్టే చెప్పాను."